మంచుదొడ్డిలో అరుపు

1943 జూలై 17, శనివారం. రాత్రి పదకొండు గంటలు.

ఆ వేళకి ఇస్‌బ్రాంట్ ఎన్స్ అనే కుర్రవాడు ఒక చేత్తో లాంతరూ, ఇంకో చేత్తో పాయసం గిన్నే పట్టుకుని సరస్సు ఒడ్డున ఉన్న కొట్టంవైపు నడుస్తున్నాడు. ఆ వేళప్పుడు మతి ఉన్నవాడెవడూ ఆ దారి తొక్కడు.

జాస్పర్ కొండల్లో ఆ కొట్టానికున్న చెడ్డపేరు అలాంటిది. చూడ్డానికి ఏమీ ఉండదు. చెక్కగోడలు, రేకు కప్పు, పడవలు దాచుకునే షెడ్డులాగే ఉంటుంది. కిటికీ మాత్రం ఒక్కటీ లేదు. వసంతం వచ్చి సరస్సంతా కరిగింది. బాతులు తిరిగొచ్చాయి. ఆ కొట్టం కింద మాత్రం మంచు కరగలేదు. జూలై ఎండలో చొక్కా తడిసి పిండుకుంటూ ఆ పక్కగా వెళ్లినవాడికి ఉన్నట్టుండి పిక్కలు జివ్వుమనేవి. తలుపు సందులోంచి తెల్లటి ఆవిరి... లోపల ఎవరో పడుకుని ఊపిరి వదులుతున్నట్టు.

రాత్రిళ్లు అరిచేది కూడా.

“మ్... మ్మే... ఏ...”

రైలుదారి వేసిన రోజుల్లో మునిగిపోయిన కూలీ ఒకడు తోటివాళ్లని పిలుస్తున్నాడని ఊళ్లో రొట్టెలవాడు చెప్పేవాడు. టపా బండి గుర్రం అటు అడుగు వెయ్యనని మొరాయించేది. కొట్టానికి కాపలా ఉండవలసిన మక్‌ఫీ కూడా దానికి దూరంగా, ఒక బండమీద, వీపు దానివైపు పెట్టి కూర్చునేవాడు.

మా మెనొనైట్ క్రైస్తవులు దెయ్యాల్ని నమ్మరు. మా వాళ్లలో పెద్దావిడ లేన్ అత్త మాటల్లో చెప్పాలంటే — “అవి మన జోలికి రావు. వచ్చినా ఇంగ్లీషులో భయపెడతాయి, మనకి అర్థమై చావదు.”

ఇస్‌బ్రాంట్ కూడా నమ్మేవాడు కాదు. ఆ రాత్రి దాకా.

* * *

అసలా కొట్టం లోపలిది కట్టింది ఇస్‌బ్రాంటూ, అతని తోటి కుర్రాళ్లే.

తుపాకి పట్టం, మనిషిని చంపం — ఇది తాతముత్తాతల నుంచీ మా విశ్వాసం. అందుకని యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం మా పిల్లల్ని సైన్యానికి బదులు కొండల్లో శిబిరాలకి పంపింది. రోడ్లు వేశారు, చెట్లు నరికారు. ఆ చలికాలంలో మాత్రం ఒక వింత పని అప్పజెప్పింది. రంపపుపొట్టూ, కర్రగుజ్జూ నీళ్లలో కలపాలి. గడ్డకట్టించాలి. ఆ దిమ్మల్ని సరస్సు మీద పేర్చాలి. గోడల్లోపల ఉప్పునీళ్ల గొట్టాలు పెట్టాలి. ఆ మంచుదిమ్మ మామూలు మంచు కాదు — గొడ్డలితో కొడితే గొడ్డలే ఎగిరొచ్చేది.

ఎందుకు అని ఎవరూ చెప్పలేదు. ఒక జట్టు కట్టింది ఇంకో జట్టుకి కనపడకుండా గుడ్డలు కట్టేవారు.

ఒకరోజు పనిపెద్ద నోరు జారాడు. మీసాలమీద మంచు పేరుకునే చలి, మూతికి మఫ్లరు. ఆ మఫ్లరులోంచి ఒక్క మాట జారింది — “షిప్.”

ఇక్కడే మా వాళ్ల కొంప మునిగింది. మా మాటలో ఓడని షెప్ అంటాం, గొర్రెని షోప్ అంటాం. ఇంగ్లీషువాళ్లకి ఓడ షిప్, గొర్రె షీప్. ఒక్క దీర్ఘం తేడా. ఆ దీర్ఘం మా వాళ్ల చెవికి ఎప్పుడూ ఆనేది కాదు.

“గొర్రెలకట రా,” అన్నాడు ఒకడు.

అంతే. అన్నీ వాటంతటవే అతుక్కుపోయాయి. రంపపుపొట్టు ఎందుకు? గొర్రెల కింద పరుపు. గడ్డకట్టించడం ఎందుకు? కోసిన మాంసం చెడకుండా. ఎవరికోసం? సముద్రం అవతల ఆకలితో ఉన్నవాళ్లకోసం. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టే పనికంటే మంచిపని ఏముంటుంది? కుర్రాళ్లు సంతోషంగా ఇళ్లకి కబురు రాశారు. సస్కాచెవాన్‌లో, మా సొంత ఊళ్లలో, సంఘమంతా ఆ గొర్రెల క్షేమం కోసం ప్రార్థన చేసింది. కుట్టుసంఘం ఆడవాళ్లు మంచులో గొర్రెపిల్లలకి చలేస్తుందని చిన్నచిన్న ఉన్ని కోట్లు అల్లి మూటకట్టి పంపారు. గొర్రెకి ఉన్నికోటేమిటని ఒక్కరికీ తోచలేదు.

చలికాలం పోయింది. ఈస్టరు పోయింది.

గొర్రెలు రాలేదు.

* * *

ఆ శనివారం మధ్యాహ్నం రైల్లో సంఘపెద్ద గెర్‌హార్ట్ క్లాసెన్ దిగాడు. అందరూ పెద్దయ్య అంటారు. ఏడాదికొక్కసారి వస్తాడు. మర్నాడు ఆదివారం లేన్ అత్త ఇంటి ముందుగదిలోనే ఆరాధన. లేన్ అత్త శిబిరానికి రొట్టెలు కాల్చిపెట్టే వితంతువు. ఆమె ఒక్కగానొక్క కూతురు ఆగనేత. ఇస్‌బ్రాంటుకీ ఆగనేతకీ పెళ్లి నిశ్చయమైందని ఆ ఆరాధనలోనే పెద్దయ్య చదవాలి. ఆ వచ్చేవారం కుర్రాళ్లందర్నీ పడమటి తీరానికి, చెట్లు నాటే పనికి తరలిస్తున్నారు. చదివితే ఆ లోపు పెళ్లవుతుంది, ఇద్దరూ కలిసి వెళ్తారు. లేకపోతే ఇస్‌బ్రాంట్ ఒక్కడే వెళ్తాడు... ఎన్నాళ్లకి తిరిగొస్తాడో దేవుడికే తెలియాలి.

రాత్రి భోజనాలయ్యాక పెద్దయ్య మూతి తుడుచుకుని అడిగాడు.

“చలికాలమంతా ఏం కట్టావు నాయనా?”

“గొర్రెల కొట్టం, పెద్దయ్యా.”

“ఊఁ. గొర్రెలేవి?”

ఇస్‌బ్రాంట్ చెంచా వంక చూశాడు.

“రైల్లో నా ఎదురుగా ఒక నావికుడు కూర్చున్నాడు,” అన్నాడు పెద్దయ్య. “ఈ కొండల్లో నావికుడికేం పని? మా పిల్లలు ఇక్కడ షిప్పుల కోసం కొట్టం కట్టారు బాబూ అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. నవ్వాడు. తరవాత టక్కున నవ్వు ఆపేసి కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలెట్టాడు. నవ్వినందుకు నాకేం భయం వెయ్యలేదు. ఆపినందుకు వేసింది.”

పెద్దయ్య కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు.

“ఈ దేశం రాకముందు, ఉక్రెయిన్‌లో మా ఊరి కుర్రాళ్లు ఒక్క చలికాలం తుపాకులు పట్టారు. మనల్ని మనం కాపాడుకోడానికే కదా అన్నారు. వాళ్లలో ముగ్గుర్ని నా చేతులతో పూడ్చాను. అందుకని అడుగుతున్నాను, నిన్ను నొప్పించడానికి కాదు. నువ్వు కట్టింది యుద్ధానికి పనికొచ్చేదైతే రేపు నేను మీ నిశ్చయం చదవలేను. సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఏడాది ఆగాలి. అది మన పద్ధతి.”

“ఎలా తెలుసుకోను, పెద్దయ్యా?”

“కట్టినవాడివి నువ్వు. వెళ్లి చూడు.” పెద్దయ్య లేచి పడకగదివైపు నడుస్తూ ఆగాడు. “నాకు ఒక్కటే చెప్పు. దీర్ఘం ఉందా... లేదా?”

* * *

ఇస్‌బ్రాంట్ లాంతరు వెలిగించుకుంటుంటే లేన్ అత్త మూతపెట్టిన గిన్నె తెచ్చి చేతికిచ్చింది.

“ఇదేమిటత్తా?”

“ఆల్‌బుఖారా పాయసం. పెద్దయ్యకి చల్లగా ఉంటే గానీ గొంతు దిగదు. ఈ ఎండలకి మన నేలమాళిగలో వెన్నే నీరైపోతోంది. ఎలాగూ వెళ్తున్నావుగా, చేతులూపుకుంటూ పోవడమెందుకు? ఆ మంచులో పెట్టిరా, పొద్దున్నే తెచ్చుకుందాం.”

“అత్తా... అక్కడ దెయ్యముందంటారు.”

“ఉంటే మూత గట్టిగా బిగించు.” గిన్నె వంక ఒకసారి ప్రేమగా చూసింది. “జాగ్రత్త. అది మా అమ్మది. కరువులో కూడా అమ్ముకోలేదు.”

గుమ్మం దగ్గర చీకట్లో ఆగనేత నిలబడి ఉంది. గొంతు తగ్గించి అంది —

“ముక్కు చూడు.”

“ఏ ముక్కు?”

“గొర్రెలకి కట్టినదానికి ముక్కుండదు. ఓడకి ఉంటుంది. ఆ చివర రెండు గోడలూ ఒకచోట కలిస్తే... మంచుతో కట్టిన ఓడే, యుద్ధానికే.”

“ఓడే అయితే?”

ఆమె ఒక అడుగు దగ్గరికొచ్చింది.

“ఏడాది ఆగుతాను. ఎన్నేళ్లయినా ఆగుతాను. అబద్ధం చెప్పి మాత్రం రాకు. అబద్ధం మీద కాపురం నేను చెయ్యలేను.” తరవాత అతని జేబులో గుప్పెడు ఉప్పు వేయించిన పొద్దుతిరుగుడు గింజలు పోసింది. “భయమేస్తే నముల్తూ ఉండు.”

* * *

ఆ రాత్రి నిండుచంద్రుడు. సరస్సు పాలు పోసినట్టుంది. మక్‌ఫీ బండమీద లేడు — శనివారం రాత్రి, ఊళ్లో డాన్సు. కొట్టం నల్లగా, ఒక్కటే నిలబడి ఉంది.

తలుపు సందులోంచి తెల్లగా ఊపిరి.

ఇస్‌బ్రాంట్ ఆగాడు. ఒక గింజ కొరికాడు. టప్... ఆ నిశ్శబ్దంలో తుపాకి పేలినట్టు వినిపించింది. మళ్లీ కొరకలేదు.

గడియ తీశాడు.

లోపల చలికాలం. బయట జూలై, లోపల జనవరి — ఒక్క గడప తేడా. లాంతరు ఎత్తాడు. కింద పెద్ద గొయ్యిలా మంచు, నాలుగువైపులా తెల్లటి గోడలు, దిగడానికి నిచ్చెన. చెక్కగోడల పక్కన గొట్టాలు కారి, ఉప్పు తెల్లగా అట్టలు కట్టింది. గోడల నిండా నూగులాగా మంచు, దానిలో రంపపుపొట్టు. తను ఊపిరి వదిలిన కొద్దీ కదిలే వెంట్రుకల్లా... గోడలకి బొచ్చు మొలిచినట్టు.

నిచ్చెన దిగాడు. అడుగున ఒక మూల గిన్నె పెట్టాడు. మూత బిగించాడు. అత్త చెప్పినట్టే.

ఇంక ముక్కు చూడాలి.

గోడ పట్టుకుని నడిచాడు. ఈ దిమ్మ తను పేర్చిందే. ఈ మూల గొట్టం బిగించినప్పుడు వేలి గోరు ఊడింది. అప్పుడు గుడ్డల మధ్య ఒక్క ముక్కే కనిపించేది. ఇప్పుడంతా ఒకేసారి కనిపిస్తోంది. ఎడమగోడ మెల్లగా లోపలికి వంగుతోంది. కుడిగోడా వంగుతోంది. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

రెండూ కలిశాయి.

కోసుగా. చాకులా.

ఇస్‌బ్రాంట్ ఆ కోసు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి అంటుకుంది, చలికి. తీసుకోవాలనిపించలేదు. ఆలోచిస్తే ఇదంతా కొత్త సంగతేం కాదు. ఈస్టరు నుంచీ కడుపులో ఎక్కడో తెలుస్తూనే ఉంది. అడిగితే చెప్తారేమోనని అడగలేదు. అంతే. ఏడాది. ఆగనేత ఆగుతానంది. ఆగుతుంది కూడా. కానీ ఏడాది...

వెనక — ఠంగ్.

గిన్నె మూత పడింది.

అతను కదల్లేదు.

తరవాత... చప్... చప్... చప్...

ఎవరో తింటున్నారు. ఆత్రంగా, ముక్కుతో బుసకొడుతూ.

“ఎ... ఎవరు?” అన్నాడు. తను అన్నట్టు అతనికే వినపడలేదు. మునిగిపోయిన కూలీ గుర్తొచ్చాడు. వాడికి మన భాష రాదేమోనని ఇంగ్లీషులో కూడా అడిగాడు. “హూ?”

చప్పుడు ఆగింది.

“మ్... మ్మే... ఏ...”

లాంతరు తిప్పాడు. నిచ్చెనకీ తనకీ మధ్య నిలబడి ఉంది అది. తెల్లగా. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, ఒంటినుంచి ఆవిరి లేస్తూ. పసుపుపచ్చ కళ్లు. తలమీద —

కొమ్ములు.

నోరు ఎర్రగా ఉంది. గడ్డం మీంచి ఎర్రటి చుక్కలు మంచుమీద ఒకటీ ఒకటీ పడుతున్నాయి.

చేతిలో లాంతరు జారింది. ఒకసారి రెపరెపలాడి దీపం కొండెక్కింది.

చీకటి.

ఇస్‌బ్రాంట్ కళ్లు మూసుకున్నాడు — మూసినా తెరిచినా ఒకటే అయినా. ప్రార్థన మొదలుపెట్టాడు. ఒక్క మాటా గుర్తురాలేదు. భోజనానికి ముందు చెప్పుకునే ప్రార్థన ఒక్కటి గుర్తొచ్చింది. అదే చెప్పాడు. మధ్యలో, ఇప్పుడు ఎవరి భోజనానికి చెప్తున్నానని అనుమానం వచ్చి ఆపేశాడు.

అడుగుల చప్పుడు. గట్టిగా, టక్... టక్... దగ్గరికి. వెచ్చటి ఊపిరి మోకాలికి తగిలింది. తరవాత తొడకి.

తరవాత... జేబులో చెయ్యి పెట్టింది.

చెయ్యి కాదు. దానికి వేళ్లు లేవు. చల్లగా, తడిగా, మెత్తగా ఉంది. జేబులో ఇటూ అటూ వెతుకుతోంది...

ఆ తరవాత నిచ్చెన ఎలా ఎక్కాడో, ఒక బూటు ఎక్కడ ఊడిందో, అడవిలోంచి అంతదూరం ఎలా పరిగెత్తాడో ఇస్‌బ్రాంట్ బతికున్నన్నాళ్లూ చెప్పలేకపోయాడు.

* * *

వంటింటి తలుపు ధడాలున తెరుచుకునేసరికి ఇల్లంతా లేచింది. ఇస్‌బ్రాంట్ బల్ల కిందికి దూరి ఉన్నాడు. పడకగదిలోంచి తెల్లటి పొడుగాటి ఆకారం ఒకటి కొవ్వొత్తి పట్టుకుని బయటికొచ్చింది. దాన్ని చూసి మళ్లీ కేకపెట్టాడు.

“నేను రా,” అన్నాడు పెద్దయ్య, రాత్రి చొక్కా సర్దుకుంటూ.

“పెద్దయ్యా... దీర్ఘం లేదు.”

“ఊఁ?”

“ఓడే. ముక్కుంది. నా చేతులతో కట్టాను. తెలియకే కట్టాను గానీ... ఈస్టరు నుంచీ అనుమానం ఉంది. అడగలేదు. పెళ్లి ఆగిపోతుందని అడగలేదు. క్షమించండి.” బల్ల కింద అతని పళ్లు టకటకలాడుతున్నాయి. “ఇంకొకటి. ఆ ఓడకి సరంగు సైతాను. కొమ్ములున్నాయి. నోటినిండా రక్తం. నా జేబులు వెతికాడు.”

పెద్దయ్య కొవ్వొత్తి బల్లమీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

గుమ్మంలో దుప్పటి కప్పుకుని నిలబడ్డ ఆగనేత కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పాడు. ఏడాది పోయింది.

లేన్ అత్త ముందుకొచ్చి బల్ల కిందికి వంగింది.

“నా గిన్నె ఏది?”

* * *

ఆదివారం తెల్లవారింది. ఆదివారం మా ఇళ్లల్లో పని చెయ్యరు. గుండీ ఊడినా కుట్టరు.

“గిన్నె తెచ్చుకోవడం పని కిందికి రాదు,” అంది లేన్ అత్త, రుమాలు తలకి చుట్టుకుంటూ. “అది ఇంట్లో మనిషి.”

“సైతాను దగ్గరికి ఆరాధనకి ముందు వెళ్లాలా, తరవాత వెళ్లాలా అనేది మన పెద్దలు ఎక్కడా చెప్పలేదు,” అన్నాడు పెద్దయ్య. నల్లకోటు తొడుక్కున్నాడు. బైబిలు చంకలో పెట్టుకున్నాడు. ఆగనేత, ఎందుకైనా మంచిదని, బట్టలారేసే తాడు విప్పి చుట్టచుట్టి తెచ్చింది. ఇస్‌బ్రాంట్ ఒంటి బూటుతో వెనక నడిచాడు.

నలుగురూ కొట్టం దగ్గరికి వచ్చారు. తలుపు రాత్రి వదిలినట్టే బార్లా తెరిచి ఉంది. చల్లటి ఊపిరి...

లోపలినుంచి —

“మ్మే... ఏ...”

ఇస్‌బ్రాంట్ ఆగిపోయాడు. లేన్ అత్త పెద్దయ్య మోచెయ్యి పట్టుకుంది. పెద్దయ్య బైబిలుని ఇంకాస్త గట్టిగా అదుముకుని, గడప దాటి, గొయ్యిలోకి తొంగిచూశాడు.

చూస్తూ అలాగే నిలబడిపోయాడు. మెల్లగా టోపీ తీశాడు.

“దీర్ఘం ఉంది,” అన్నాడు.

కింద, ఓడ నడిబొడ్డున, కొండగొర్రె ఒకటి నిలబడి ఉంది. ఒంటినిండా మంచూ రంపపుపొట్టూ అంటుకుని తెల్లగా. మూతి ఎర్రగా. దాని పొట్ట కింద పిల్ల ఒకటి, దాని మూతీ ఎర్రగానే. సరస్సువైపు చెక్క ఒకటి ఊడి సందు పడింది. గొట్టాల ఉప్పు నాకడానికి వచ్చి అందులోంచి జారి పడ్డట్టున్నాయి. నున్నటి మంచుగోడ, ఎక్కలేవు. ఎన్నాళ్లనుంచి పడుతూ లేస్తూ ఉన్నాయో పాపం.

లేన్ అత్త గిన్నె వాటి పక్కనే ఉంది. అద్దంలా మెరుస్తోంది. అంచుకి ఇంత బూడిదరంగు బొచ్చు.

ముందు ఆగనేత నవ్వింది, కొంగులో... అదే, ఏప్రనులో మొహం దాచుకుని. భుజాలు ఊగిపోతున్నాయి. ఇస్‌బ్రాంట్ మొహం ఆ గొర్రె మూతికంటే ఎర్రబడింది.

“నీ సైతానుకి పిల్ల కూడా ఉందిరా,” అంది లేన్ అత్త. “తల్లి కాబట్టి జేబులు వెతికింది.”

“ఇవాళ ఆదివారం కదా, పెద్దయ్యా,” అంది ఆగనేత. “పని చెయ్యకూడదేమో.”

పెద్దయ్య అప్పటికే కోటు చేతులు పైకి మడుస్తున్నాడు. “విశ్రాంతిదినాన గొర్రె గుంటలో పడితే పైకి తియ్యరా అని ప్రభువే అడిగాడు. జవాబు చెప్పే అవకాశం నాకు ఇన్నేళ్లకి వచ్చింది. తాడు ఇలా తే.”

తల్లిని తీయడం ఒక యుద్ధమైంది — యుద్ధమనే మాట ఇక్కడ వాడవచ్చో లేదో. ఇస్‌బ్రాంట్ కొమ్ములు పట్టుకున్నాడు. ఆడవాళ్లిద్దరూ పైనుంచి తాడు లాగారు. సంఘపెద్ద తన ఆదివారపు నల్లకోటుతో గొర్రె వెనకభాగానికి భుజం ఆనించి నిచ్చెనమీదికి తోశాడు. పిల్లని ఆగనేత ఎత్తుకుంది. గడప దాటగానే తల్లి ఒకసారి తల విదిలించి, పిల్లని పిలిచి, రాళ్లమీద గెంతుతూ పైకి పోయింది. పిల్ల వెంటపడింది.

అప్పుడొచ్చాడు మక్‌ఫీ. డాన్సు నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, టై ఒక చెవి మీదికి ఉంది. తెరిచిన తలుపూ, తాడూ, పొట్టు కొట్టుకుపోయిన నల్లకోటు ముసలాయన్నీ చూసి మొహం పాలిపోయింది.

“మీరేం చూడలేదు,” అన్నాడు. “ఏం చూడలేదు. ఇక్కడ షిప్ లేదు. అర్థమైందా? ఇక్కడ... షిప్... లేదు.”

“లేదు నాయనా,” అంది లేన్ అత్త, తనకొచ్చిన ఇంగ్లీషులో, ఓదార్పుగా. “ఇప్పుడే కొండెక్కింది. పిల్లతో సహా.”

మక్‌ఫీ కొండ వంక చూశాడు. లేన్ అత్త వంక చూశాడు. తాగింది ఇంకా దిగలేదేమోనని తల పట్టుకుని బండమీద కూలబడ్డాడు.

“ఆ అరుపుకి హడలి చస్తున్నాం,” అంది ఆగనేత. “తీరా చూస్తే గొర్రె అరుపే.”

“గొర్రెలేమిటి? రాత్రి అరిచేది చల్లబరిచే మిషనట, పైవాళ్లు చెప్పారు,” అన్నాడు మక్‌ఫీ నీరసంగా. “అది కూడా శుక్రవారమే ఆపేశారు. అంతా పీక్కుపోతున్నారు. ఇంకేం అరవదు.”

ఇంటికి నడుస్తుంటే ఇస్‌బ్రాంట్ పెద్దయ్య పక్కకి చేరాడు.

“పెద్దయ్యా, గొర్రె ఉన్నా... అది ఓడే. నేను మాట మార్చను.”

“మార్చమని ఎవరన్నారు? రాత్రి ఒప్పుకున్నావుగా.”

“సంఘం ముందు ఒప్పుకోవాలన్నారు.”

“ఇద్దరో ముగ్గురో తన పేర కూడితే చాలన్నాడు ప్రభువు. రాత్రి వంటింట్లో నలుగురం ఉన్నాం. నేను రాత్రి చొక్కాలో ఉన్నాననా నీ అనుమానం?”

“మరి ఏడాది ఆగడం?”

పెద్దయ్య నడక ఆపి వెనక్కి, సరస్సువైపు చూశాడు. కొట్టం కింద నీళ్లలోకి చుక్కచుక్కగా ఏదో కారుతోంది.

“మిషను ఆపేశారట. ఆ ఓడే ఏడాది ఆగేట్టు లేదు. నువ్వెందుకు ఆగడం?”

ఇల్లు చేరేసరికి కుర్రాళ్లు ఆరాధనకి రావడానికి ఇంకా వేళుంది. లేన్ అత్త రొట్టెలూ వెన్నా బల్లమీద పెట్టింది. బొచ్చు అంటిన గిన్నె కడగలేదు — ఆదివారం — మూల బోర్లించింది. పాయసం లేదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మా పద్ధతి ప్రకారం నలుగురూ తలలు వంచి, కళ్లు మూసుకుని, మౌనంగా ప్రార్థన చేసుకున్నారు.

ఆ మౌనంలో, మిషను ఆగిపోయిన, గొర్రెలు వెళ్లిపోయిన సరస్సువైపు నుంచి...

“మ్... మ్మే... ఏ...”

పెద్దయ్య కళ్లు తెరవలేదు. లేన్ అత్త తెరవలేదు. ఒక్క ఇస్‌బ్రాంట్ తెరిచాడు. ఎదురుగా ఆగనేత అప్పటికే తెరిచి ఉంది.

“ఆమేన్,” అన్నాడు పెద్దయ్య, ఎప్పటికంటే కాస్త ముందుగా. “వెన్న ఇలా జరపండి.”